చిలుకమ్మ చూసిన పసుపు

కాశిబుగ్గలో చిలుకమ్మ ఇల్లు ఎక్కడా అని ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఆదివారం పొద్దున్నే పచ్చబడ్డ మొహాలు ఎటు పోతుంటే అటు పోతే సరి. ఆ మొహాలన్నీ చివరికి నూలుకు రంగులద్దే ఒక ఇంటి ముందు అరుగు మీద చేరేవి. లోపల మొగుడు వెంకటరాజం రంగునీళ్ల గోళాల్లో నూలు ముంచుతుంటే, బయట పెళ్లాం కామెర్లకు పసరు పోసేది. "గా ఇంట్ల ఒకలు పసుపు ఎక్కిస్తరు, ఒకలు దింపుతరు" అని వాడకట్టు వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు గానీ, కంట్లో పసుపు కనబడిందంటే వాళ్లూ ఆ అరుగు మీదికే వచ్చి కూర్చునేవాళ్లు.

పసరు ఆమెకు తల్లి ఇచ్చిన సొత్తు. వర్ధన్నపేటలో పుట్టింది చిలుకమ్మ. పెళ్లయి అత్తగారింటికి పోయే ముందు తల్లి ఆమెను చేని గట్టు మీదికి తీసుకుపోయి, నేల ఉసిరి మొక్కను వేళ్లతో సహా పీకి చేతిలో పెట్టింది. నూరి మజ్జిగలో కలిపి పరగడుపున పొయ్యాలి. దీనికి పైసా ముట్టుకున్నావో, మందు ఉత్త ఆకు కంటే హీనమైపోతుంది. ఇది మింగేవాడు వేరే మందు మింగకూడదు, రెండు మందులు ఒక కడుపులో పడితే సవతుల్లా కొట్టుకు చస్తాయి. అంతా చెప్పి, చివరికి పేలిక సంగతి చెప్పింది తల్లి.

ఆ పేలికే చిలుకమ్మకు కొండంత ధైర్యం. పొద్దున్నే మొదటి ఉచ్చలో తెల్లటి గుడ్డపేలికను ముంచి, నీడన ఆరబెట్టి, ఆరాక ఎండకు పట్టి చూసేది. పేలికకు పసుపు పట్టిందా, కామెర్లే. పట్టలేదా, "నీది కామెర్లు గాదు పో బిడ్డా, ఇంకేందో" అని పంపేసేది. చూడడం అయిపోగానే ఆ పేలికను పెరట్లో గోడ పక్కన పాతిపెట్టాలి. మందు పోసే మనిషి తప్ప ఇంట్లో ఎవరూ, అందులో మగవాళ్లు అసలే, దాన్ని చూడకూడదు. చూపుతో రోగం అంటుకుంటుందని తల్లి మాట. చిలుకమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మాట జవదాటలేదు.

"మనిషి అబద్ధమాడుతడు. నాడి సుత ఆడుతది. పేలిక అబద్ధమాడది" అనేది, ఎవరైనా అనుమానంగా మొహం పెడితే.

పైగా ఆమె ఉన్నది రంగుల ఇంట్లో. కరక్కాయ ఉడికించిన మట్టి పసుపు వేరు, మోదుగుపూల ఎర్ర పసుపు వేరు, దానిమ్మ తొక్క పసుపు వేరు. మొగుడు ఏ గోళెంలో చెయ్యి పెట్టి వచ్చాడో అన్నం కలిపేటప్పుడు అతని గోళ్లు చూసి చెప్పేది. అలాంటి కన్ను ఉన్న మనిషికి ఇంకొకరు పసుపు గురించి చెప్పడమా! జర గర్వం ఉండేది ఆమెకు. ఉండదా మరి, ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంటే?

అంతలో యుద్ధం వచ్చిపడింది. అది ఎక్కడో సముద్రాలకు అవతల జరుగుతోందని చెప్పుకున్నారు గానీ, దాని దెబ్బ కాశిబుగ్గ మగ్గాల మీద పడింది. నూలు దొరకడం కష్టమైంది. సీమ రంగు డబ్బాలు రావడం బంద్ అయ్యింది. వెంకటరాజం తండ్రి కాలం నాటి పనికి మళ్లాడు, కరక్కాయలు, మోదుగుపూలు. అవి కావాలంటే అడవికి పోవాలి. పెళ్లయి ఏడాదైనా నిండని ఒక్కగానొక్క కొడుకు ఎల్లస్వామి, "నేను పోయొస్త బాపూ" అని ఏటూరునాగారం దిక్కు బండెక్కాడు.

మోదుగులు పూసే రోజుల్లో పోయినవాడు, బస్తాలైతే పంపించాడు గానీ తాను రాలేదు. అక్కడి కలప కంట్రాక్టరు కొలతలకు మనిషి కావాలని నిలుపుకున్నాడట. వానాకాలం మొత్తం అడవిలోనే గడిచింది. కోడలు సరోజన సాయంత్రమైతే గుమ్మంలో నిలబడేది. చిలుకమ్మ చూసీ చూడనట్టు లోపలికి పోయేది.

దసరా పోయాక వచ్చాడు ఎల్లస్వామి. వాకిట్లో నిలబడ్డ కొడుకును చూసి చిలుకమ్మ చేతిలో చేట జారిపోయింది. మనిషి చిక్కి సగమయ్యాడు. మొహం, మెడ, అరచేతులు, అన్నీ పసుపు పూసినట్టే ఉన్నాయి.

"ఇదేంది కొడుకా! గిట్ల పచ్చగయినవేంది?"

"ఏం లేదవ్వా, ఫికర్ జెయ్యకు. అడివిల చలిజరం పట్టుకున్నది. సచ్చిపోతననుకున్న. క్యాంపుల కంపౌండరు గోలీలిచ్చిండు, తగ్గింది. ఇంటికి పోయినంక సుత రోజుకొకటి మింగుమన్నడు, ఆపితె మళ్ల వస్తదన్నడు." మొలలోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు. అందులో గోలీలు కూడా పచ్చగానే ఉన్నాయి.

చిలుకమ్మ ఆ గోలీల వంక సరిగా చూడనైనా లేదు. ఊళ్లో ఎంతమంది బిడ్డల్ని ఆ రోగం నుంచి బయట పడేసింది! ఇప్పుడది తన కడుపున పుట్టినవాడి మీదికే వచ్చింది. ఆమెకు భయంతో పాటు పట్టుదల కూడా వచ్చింది. తెల్లారగానే పేలిక ముంచింది, ఆరబెట్టింది, పెరట్లోకి పోయి ఎండకు పట్టింది. అంత చిక్కటి పసుపు ఆమె ఏ పేలికకూ చూడలేదు. గోడకు ఆనుకుంది.

అప్పుడే సరోజన వెనకాల వచ్చి నిలబడింది. పెళ్లై వచ్చిన నాటి నుంచి అత్త ముందు నోరెత్తని పిల్ల.

"అత్తమ్మా, ఒక మాటంటె ఏమనుకోకు. ఆయన కండ్లు తెల్లగనే ఉన్నయి గద?"

చిలుకమ్మ ఉలిక్కిపడింది. ఎందుకంటే ఆ సంగతి ఆమె కూడా చూసింది. నిన్న వాకిట్లోనే చూసింది. కామెర్లు ఎప్పుడూ ముందు కంట్లో దిగుతాయి, తర్వాతే ఒంటికి పాకుతాయి. వీడికి ఒళ్లంతా పచ్చబడి కళ్లు మల్లెపూలలా ఉన్నాయి. ఎక్కడో ఏదో తప్పింది, అని ఆమె మనసు ఒక్క క్షణం గొణిగింది. కానీ చేతిలో పేలిక ఉంది. తల్లి మాట ఉంది. ఇన్నేళ్ల పేరు ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకు కళ్లు చూడడం నేర్పడమా?

"ఇంక కంటికి ఎక్కలేదే. ఎక్కకముందుకే పట్టుకున్నం, గదే అదృష్టం" అంది.

లోపల గోళెంలో చేతులు పెట్టి ఉన్న వెంకటరాజం ఈ మాటలు విన్నాడు. తడి చేతులతోనే పెరటి గుమ్మం దాకా వచ్చాడు.

"చిలుకా, గా పేలిక నన్నొకపారి సూడనియ్యి. పోరని ఒంటిమీది పసుపు నాకెందుకో ఒంట్లకెల్లి వచ్చిన పసుపు లెక్క అనిపిస్తలేదు. అద్దినట్టున్నది."

"మొగోడు సూసేదేనా అది? ఇంట్ల అందరు మంచాన పడాల్నా?" పేలికను కొంగులో దాచేసింది. అతను గుమ్మం నుంచి వెనక్కి తిరిగాడు. ఆమె పసరు సంగతిలో అతను ఎన్నడూ వేలు పెట్టలేదు, ఆమె అతని గోళాల సంగతిలో పెట్టనట్టే. పేలిక గోడ పక్కన మట్టిలోకి పోయింది.

గోలీల పొట్లం పొయ్యిలోకి పోయింది. అడ్డం పడబోయిన సరోజనను ఎల్లస్వామే ఆపాడు. "ఊరందరికి పన్జేసిన మందు నాకు పన్జెయ్యదా? అవ్వ చేతిల పడ్డంక కంపౌండరెంత!" అని నవ్వాడు. చిలుకమ్మ కొడుకు గడ్డం కింద గదవ పట్టుకుని, చిన్నప్పుడు ఆముదం తాగించినట్టే, మొదటి గుక్క పసరు తాగించింది.

ఉప్పు లేని పథ్యం, నూనె లేని పథ్యం. వారం గడిచేసరికి పసుపు తగ్గుముఖం పట్టింది. ముందు మొహం తేటబడింది, తర్వాత మెడ. చిలుకమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. ఆదివారం అరుగు మీద కొడుకును కూర్చోబెట్టి, వచ్చినవాళ్లకు అతని చేతులు తిప్పి చూపించింది. "సూడుండ్రి, పసరు మహిమ!" అన్నారు అందరూ. సరోజన కూడా ఆ రోజు నవ్వింది. తానే తప్పుగా అనుకున్నానని అత్త కాళ్లకు మొక్కినంత పని చేసింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఎల్లస్వామికి చలి పుట్టింది. ఎండలో కూర్చోబెట్టి గొంగడి కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. "లోపలి విషం బయటికి పోతాంది" అంది చిలుకమ్మ. రోజు విడిచి చలి మళ్లీ వచ్చింది. ఇంకో ఆకు కలిపి పసరు చిక్కగా నూరింది. సరోజన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "దవాఖానకు తీస్కపోదాం అత్తమ్మా, నీ కాల్మొక్త" అంది. రేపు చూద్దామంది చిలుకమ్మ. ఆ రేపు పొద్దున కొడుకు తల్లి మొహం చూసి, "ఎవలు నువ్వు? గీ దుంగ ఎంతున్నదో కొలువు" అన్నాడు. చిలుకమ్మ పసరు గిన్నె కింద పెట్టేసింది. అప్పుడు గానీ బండి కట్టించలేదు.

మిషన్ దవాఖానలో ఎస్తేరు అనే నర్సమ్మ ఎల్లస్వామిని మంచం మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ వచ్చి కంటి రెప్ప కిందికి లాగి చూసింది, కడుపు నొక్కి చూసింది. ఏమేం మందులు మింగాడని అడిగింది. సరోజన అన్నీ చెప్పింది, పొయ్యిలోకి పోయిన పొట్లం సంగతితో సహా. డాక్టరమ్మ మొహం వాడిపోయింది. సూదులు వేశారు. చన్నీళ్ల గుడ్డలు వేశారు. చలిజ్వరం మెదడుకు ఎక్కిందన్నారు. దేవుడి మీద భారం వెయ్యమన్నారు.

వరండాలో కూలబడ్డ చిలుకమ్మ పక్కన ఎస్తేరు వచ్చి కూర్చుంది. చిలుకమ్మ ఒక్కటే మాట పట్టుకుంది.

"కామెర్లు తగ్గినయి గద సిస్టరమ్మా? పసుపు దిగింది గద?"

ఎస్తేరు మెల్లగా అంది: "పెద్దమ్మా, నీ కొడుక్కు కామెర్లు రాలేదు. పచ్చబడుడు అంటె రోగం పేరు గాదు, కంటికి కనబడే సంగతి అంతే. ఎవలన్న పచ్చగొస్తె మా డాక్టరమ్మ సుత ముందుగాల ఒళ్లు పచ్చబడ్డదనే రాస్తది. ఎందుకు పచ్చబడ్డదో ఎరికైనంకనే రోగం పేరు పెడ్తది. కామెర్లైతె పచ్చబడ్తరు. గీ చలిజరం గోలీలు నెలలకొద్ది మింగినా పచ్చబడ్తరు. గోలీల్లనే రంగున్నది. మిలిటరోళ్లు ఎంతమంది పచ్చగ తిరుగుతాండ్రో! గోలీలాపితె పసుపు దానంతటదే పోతది."

"మరి పేలిక?" అంది చిలుకమ్మ. "పేలికకు పట్టింది గదమ్మా."

"ఉచ్చల సుత గా రంగు దిగుతది పెద్దమ్మా. కండ్లల్లనే దిగది."

రెండో రోజు మధ్యాహ్నం ఎల్లస్వామి పోయాడు. పోయేనాటికి అతని ఒంటి మీద పసుపు ఆనవాలు కూడా లేదు. స్నానం చేయిస్తూ వాడకట్టు ఆడవాళ్లు, "బంగారమసొంటి పోరడు, ఎంత తెల్లగున్నడు" అని ఏడ్చారు. ఆ మాట చిలుకమ్మ చెవుల్లో సీసం పోసినట్టు పడింది. పసుపు దిగడమే కావాలనుకుంది ఆమె, దిగింది. పిల్లవాడు పోయాడు.

దినాలు కాకముందే ఆమె పెరట్లోకి పోయి గోడ పక్కన మట్టి తవ్వింది. తవ్వి, ఆ పేలికను తీసి, మట్టి దులిపి, నీళ్ల తొట్టిలో జాడించింది. కామెర్ల పసుపైతే నీళ్లకే పోయేది. ఇది పోలేదు. తడి పేలికను తీసుకుపోయి మొగుడి ముందు పెట్టింది. ఇంతకాలం కట్టుకున్న కట్టు ఆ రోజుతో తెగింది.

వెంకటరాజం దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. వెలుతురుకు పట్టాడు. పుట్టిన నాటి నుంచి రంగుల్లో ఉన్నవాడు.

"ఇది రంగు" అన్నాడు. పేలికను ఆమె చేతిలో పెట్టి, "నాకొకపారి సూపెట్టకపోతివి చిలుకా" అన్నాడు.

అంతే. మళ్లీ బతుకంతా ఆ ఊసు ఎత్తలేదు. కొట్టినా బాగుండు, తిట్టినా బాగుండు అనుకుంది ఆమె. అతను గోళెం దగ్గరికి పోయి నూలు ముంచాడు, ముంచిన నూలును తియ్యడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

చిలుకమ్మ పసరు మానేసింది. ఆదివారాలు వచ్చినవాళ్లు తలుపు కొట్టి కొట్టి వెనక్కి పోయేవాళ్లు. ఇంటి మనిషికి పనిచెయ్యని మందు పరాయివాళ్లకేం పనిచేస్తుందని కొందరన్నారు. పైసలు ముట్టుకుని ఉంటుంది, అందుకే పసరు చచ్చిందని ఇంకొందరన్నారు. లోకం నోటికి మూత ఎవరు పెడతారు? నిజానికి పసరు చావలేదు, కామెర్లకు అది ఏం చేసేదో అదే చేస్తుంది. ఆమెకు తన కన్ను మీదే నమ్మకం పోయింది.

సరోజనను పుట్టింటికి పొమ్మంది, మళ్లీ పెళ్లి చేసుకొమ్మంది. ఆ పిల్ల పోలేదు. ఎస్తేరు మాట సాయంతో మిషన్ దవాఖానలో ఆయా పనికి కుదిరింది. అత్తను ఒక్క మాట అనలేదు గానీ, ఒకనాడు అన్నం పెడుతూ పెడుతూ, "నేనింక గట్టిగ అనేదుండె అత్తమ్మా" అంది. తప్పంతా తనదేనని ఆ పిల్ల మోస్తోందని అప్పుడర్థమైంది చిలుకమ్మకు. సరోజన తల కడుపుకు హత్తుకుని ఏడ్చింది. కొడుకు పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

నిజాం రాజ్యం పోయిన మరుసటేడు, ఎండలు ముదిరిన ఒక పొద్దున, వర్ధన్నపేట నుంచి మొగిలమ్మ అనే ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చిలుకమ్మ పుట్టింటి వాడకట్టు మనిషి. పసరు మానేసిన సంగతి ఆమెకు తెలియదు. ఎదిగిన కొడుకు, అడవిలో వెదురు కొట్టే పనికి పోయి వచ్చినవాడు. మొహం, మెడ, అరచేతులు పసుపు.

వాకిట్లో అతన్ని చూడగానే చిలుకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"చిలుకక్కా, నీ పసరు వీనికి పొయ్యక్కా. నీ పేరు జెప్పుకుంట ఇంత దూరం వచ్చిన" అంది మొగిలమ్మ.

చిలుకమ్మ అతని చెయ్యి పట్టి ఎండలోకి లాక్కుపోయింది. కంటి రెప్ప కిందికి లాగింది. తెల్లగా ఉంది. రెండో కన్ను చూసింది. తెల్లగానే ఉంది. మళ్లీ మొదటి కన్ను చూసింది.

"గోలీలేమన్న మింగుతానవా బిడ్డా?"

"మింగిన పెద్దమ్మా, చలిజరానికి. పచ్చబడ్తాన్నని అవ్వ మొన్నటిసంది ఆపిచ్చింది."

"ఏడున్నయి?"

మొగిలమ్మ కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది. "ఉన్నయి గని అక్కా, గవిటితోనే గద పోరనికి కామెర్లొచ్చినయి! బాయిల పారేస్తనన్న."

"ముడిప్పు మొగిలీ."

"అక్కా..."

"నాకొక కొడుకుండె" అంది చిలుకమ్మ. అరుగు పక్కన పోయేవాళ్లు ఆగిపోయారు. గోళెం దగ్గర వెంకటరాజం తలెత్తాడు. "ఎల్లస్వామి. నీ కొడుకు లెక్కనే వచ్చి గీ వాకిట్లనే నిలవడ్డడు. కండ్లు గిట్లనే తెల్లగుండె. నేను సూసిన. సూసి సుత గోలీలు పొయ్యిల ఏసిన. పసుపు దింపిన మొగిలీ, మంచిగ దింపిన. కొడుకునే దక్కిచ్చుకోలే. నేనే సంపుకున్న."

ఆ మాట ఆమె నోట అంతకుముందు ఎవరూ వినలేదు, ఆమె మొగుడైనా సరే. మొగిలమ్మ ముడి విప్పింది. అవే గోలీలు, అదే పసుపు.

చిలుకమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. గోలీ నాలుక మీద పెట్టి, అతని గదవ పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతానని, అక్కడ సరోజన ఉంటుందని, ఎస్తేరమ్మ చూసి ఎన్నాళ్లు మింగాలో చెబుతుందని చెబుతూనే ఉంది.

"మరి గీ పసుపు, పెద్దమ్మా?" అన్నాడు అతను, గోలీ దవడన పెట్టుకుని.

"పసుపుదేమున్నది కొడుకా, ఉంటె ఉంటది, పోతె పోతది. నువ్వుండాలె. మింగు."

అతను మింగాడు. గొంతులోంచి దిగేదాకా చూసి, అప్పుడు వదిలింది గదవను.